బతికున్నట్టు రుజువు

తెల్లవారుజామున నాలుగింటికి
మోటారు సైకిలు వెనక కూర్చుని
ఎడారి గాలి మోసుకొచ్చిన దుమ్ములోంచి
కట్సినా-అలా నది దాటి
రాష్ట్ర రాజధానికి వెళ్లాను,
నేను బతికే ఉన్నానని చెప్పుకోవడానికి.

బండి మా సైన్సు మేస్టారు ఇయోర్హెమెన్‌ది.
జీతం తెగినప్పటి నుంచి ఆయనకి
మధ్యాహ్నం దాకా గురుత్వాకర్షణ,
ఆ తర్వాత పెట్రోలు.
నా దగ్గర సగం ఛార్జీ తీసుకుని
మొహం తిప్పుకున్నాడు.

కొత్త గవర్నరు వచ్చాడు కదా, కొత్త జాబితా.
జీతాల పుస్తకంలో దెయ్యాలు దూరాయట.
ప్రతి టీచరూ ఒంటితో సహా హాజరై
దెయ్యం కానని నిరూపించుకోవాలట.
నియామకం కాగితం, బ్యాంకు పుస్తకం,
రెండు ఫొటోలు, పది వేళ్లు.

వేళ్ల దగ్గరే వచ్చింది చిక్కు.
ఇరవై తొమ్మిదేళ్ల సుద్ద
గీతల్ని నున్నగా తినేసింది.
యంత్రం మూడుసార్లు కీచుమంది.
"చేతులు కడుక్కుని రండి మేడమ్" అన్నాడు కుర్రాడు.
కడుక్కున్నాను.
పోవడానికి అది మట్టయితే కదా!

ఎన్నికల నెల గుర్తుంది నాకు.
ఆ నెల జీతం నిండుగా వచ్చింది,
వెనక బకాయిల్లో రెండు నెలలవి కూడా.
బడికి సున్నం వేశారు, రోడ్డు వైపు గోడకి మాత్రం.
బియ్యం సంచుల మీద అప్పటి గవర్నరు నవ్వు,
మాకు పంచిన చుట్టుగుడ్డ మీద ముప్ఫై రెండు చోట్ల అదే నవ్వు
(లెక్కల టీచర్ని, లెక్కపెట్టకుండా ఉండలేను).
గోటి మీద సిరా ఆరిందో లేదో
జీతం ఐదింట రెండు వంతులైంది.
అబుజా డబ్బు పంపలేదంది రాష్ట్రం.
పంపామంది అబుజా.
ఇద్దరూ కలిసి స్థానిక మండలి వైపు వేలు చూపారు.
మండలి ఛైర్మన్ ఇంటికి ఆ ఏడే
రెండో అంతస్తు లేచింది.

ఆ వారమే ఐదో తరగతికి భిన్నాలు.
సుద్ద అయిపోయింది, పెండలం ఉంది.
బల్ల మీద పెట్టి ఐదు ముక్కలు కోసి
రెండు ఇటు జరిపాను.
"ఇది ఎంత?"
వెనక బెంచీలోంచి తెర్కులా లేచాడు,
చొక్కాకి ఉన్నది ఒకటే గుండీ:
"మీ జీతం, మేడమ్."
తరగతంతా గొల్లుమంది. నేనూ నవ్వాను.
తప్పు జవాబు కాదు, మార్కు వేయాల్సిందే.
మిగతా మూడు ముక్కలూ ఎక్కడికి పోయాయని
ఎవరూ అడగలేదు.
అది సిలబస్‌లో లేదు.

సాయంత్రం నాలుగున్నరకి నా వంతు.
కుర్రాడు కాగితం మీద వేలు జరుపుకుంటూ వచ్చాడు.
అన్యాగ్బా. ఆ కింద అన్యెబే.
మధ్యలో నేనుండాలి, ఎర్దూ అన్యామ్‌ని.
రెండు పేర్ల మధ్య
సూది దిగేంత జాగా కూడా లేదు.
అతను గొంతు తగ్గించాడు:
"మీ ప్రమోషన్ పాత పార్టీ హయాంలోది కదమ్మా..."
అంతవరకూ మేడమ్‌ని. అప్పుడే అమ్మనయ్యాను.

వచ్చేటప్పుడు ఇయోర్హెమెన్ ఏమీ అడగలేదు.
ఛార్జీ కూడా.

సరే, దెయ్యాన్నే.
పొద్దున్న ఏడూ నలభైకి దెయ్యం గంట కొట్టింది.
అరవై ఒక్క నోటు పుస్తకాలు దిద్దింది.
ఏడో ఎక్కం దగ్గర నత్తినత్తిగా ఆగిపోయే పిల్ల వీపు మీద
చెయ్యి వేసి నిలబడింది,
ఆ పిల్ల జడుసుకోలేదు.

బోర్డు తుడిచే గుడ్డ
ఆ ఎన్నికల చుట్టుగుడ్డలోంచి చింపిందే.
ఉతికి ఉతికి నవ్వు పోయింది, కళ్లు పోయాయి,
ఒక మూల చెవి ఒక్కటీ మిగిలింది.
భిన్నాలు చెరిపి, గుడ్డ దులిపి,
ఆ చెవి పైకి వచ్చేట్టు బల్ల మీద పరిచి
హాజరు పట్టీ తెరిచాను.
ఈరోజు కాస్త గట్టిగానే పిలిచాను
ఒక్కొక్క పేరూ.